వగరు పండిన వేళ

షడ్రుచులలో వగరునకు ఆదరము తక్కువ. తీపి పసివానిని సైతము చేయి చాచి పిలుచును. పులుపు తలచినంతనే నోరూరించును. ఉప్పు లేని కూడు కూడు కాదు. కారము ఆంధ్రుల అభిమాన విషయము. చేదునకు కూడ కాకరకాయలోను, వేపపూతలోను గౌరవస్థానము దొరకినది. వగరు మాత్రము మన వాడుకలో పచ్చితనమునకు గుర్తుగానే మిగిలిపోయినది. ఉగాది పచ్చడిలో మామిడిపిందె పుణ్యమా యని ఏడాదికొకమారు దానికి పీట వేయుదుము, తరువాత మరచిపోవుదుము. జామపిందె కొరికిన బాలుడు మొగము చిట్లించి దానిని పారవేయును. ఆ వగరే కాయను పక్షుల నుండి, పురుగుల నుండి కాపాడి పండగునంతవరకు కావలి కాయుచున్నదని వానికి తోచదు.

అట్టి వగరును మూలధనముగా పెట్టుకొని, అది మెత్తబడుటకై 20, 30 సంవత్సరములు ఓపిక పట్టి కూర్చుండు జనులు ఫ్రాన్సు దేశమున ఉన్నారు. వారు చేయునది ఎర్రని ద్రాక్షాసవము. నేటి వాడుకలో రెడ్ వైను. దానిని చేయుట ఒక వృత్తి, దాచుట ఒక వ్రతము, రుచి చూచుట ఒక విద్య. త్రాగుడు ఈ వ్యాసమునకు విషయము కాదు. ఆ విద్య నేర్చినవారు పుక్కిట పట్టిన రసమును మ్రింగక ఉమ్మివేయుదురన్న సంగతి పాఠకులు ముందే తెలిసికొనుట మంచిది. ఒక రుచిని మనస్సు పెట్టి గమనించుట ఎట్లు? కాలము దానిని మార్చు తీరు ఎట్టిది? పేరుప్రతిష్ఠలు మన నాలుకను ఎంతవరకు మోసగించగలవు? ఈ ప్రశ్నలు ద్రాక్షతోటలకే పరిమితమైనవి కావు. గమనించుట నేర్పువారికిని, నేర్చుకొనువారికిని ఇవి పనికివచ్చును.

గులకరాళ్ళ సీమ

ఈ ఆసవమునకు ప్రసిద్ధి చెందిన నగరము బోర్డో. ఆ పేరు మన రైతునకు క్రొత్తది కాదు. తమలపాకు తోటలకును, నిమ్మ, బత్తాయి తోటలకును తెగులు సోకినపుడు మైలుతుత్తము, సున్నము కలిపి చల్లు మందును మనము బోర్డో మిశ్రమమనియే పిలుచుచున్నాము. దాని పుట్టుక కూడ ఈ ద్రాక్షతోటలలోనే జరిగినది. 1882లో మిల్లార్డే అను వృక్షశాస్త్రాచార్యుడు అచ్చటి మెడోక్ సీమలో తిరుగుచు, బాట ప్రక్కనున్న తీగెలు మాత్రము ఆకుతెగులు సోకక పచ్చగా ఉండుట చూచెను. దారినపోవువారు పండ్లు కోయకుండ వారికి వెగటు పుట్టించుటకై తోటవారు ఆ తీగెలపై ఈ మిశ్రమమును చల్లియుండిరి. దొంగలకై వేసిన ఎత్తు తెగులును ఆపినది. మిల్లార్డే దానిని పరిశోధించి 1885లో లోకమునకు వెల్లడించెను. ఈ విధముగా మెడోక్ సీమ మన తోటల వరకు వచ్చినది.

బోర్డో నగరమునకు వాయవ్యముగా దాదాపు 50 కిలోమీటర్ల దూరమున, జిరోండ్ నదీముఖము ఒడ్డున, పోయాక్ అను చిన్న పట్టణమున్నది. చుట్టును గులకరాళ్ళ మెట్టలు. మన కృష్ణా డెల్టా రైతు ఆ నేలను చూచినచో పైరు పెట్టుటకు పనికిరాదని పెదవి విరుచును. కాని ద్రాక్షతీగెకు అదియే మేలు. వాననీరు గులకరాళ్ళ సందులనుండి వెంటనే ఇంకిపోవును. తీగె వేళ్ళు నీటికై లోతునకు దిగును. పగటి ఎండను రాళ్ళు తమలో దాచుకొని రాత్రి తీగెకు వెచ్చదనమిచ్చును. విశాలమైన నదీజలము చలిని, మంచును కొంత అడ్డుకొనును. నదిని చూడగల తీగెయే మంచి తీగె యని అచ్చటివారి నానుడి.

ఇచ్చట ముఖ్యముగా పెరుగు ద్రాక్ష కాబెర్నే సోవిన్యోన్. ఇది చిన్న పండు, దళసరి తొక్క, పెద్ద గింజ కలది. రంగును, వగరును ఇచ్చునవి ఆ తొక్కయు, గింజయు. లోని రసమునకు దాదాపుగా రంగే లేదు. తినుటకు పనికివచ్చు మన గింజలేని ద్రాక్షకును దీనికిని పోలికయే లేదు. దీని జన్మరహస్యము 1997లో గాని బయటపడలేదు. కాబెర్నే ఫ్రాన్ అను నల్లద్రాక్షకును, సోవిన్యోన్ బ్లాన్ అను తెల్లద్రాక్షకును ఎప్పుడో తోటలో సహజముగా జరిగిన సంకరము వలన ఇది పుట్టినదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు జన్యుపరీక్ష వలన నిరూపించిరి.

పోయాక్ తోటలలో ఒక్కదానిని ఉదాహరణగా తీసికొందము. దాని పేరు షాటో లాటూర్. లాటూర్ అనగా బురుజు. మధ్యయుగపు కోట కాలగర్భమున కలిసిపోయినది. ఇపుడు తోటలో కనబడు గుండ్రని బురుజు 17వ శతాబ్దమున కట్టిన పావురాల గూడు. అమెరికా రాయబారిగా ఫ్రాన్సులో ఉన్న థామస్ జెఫర్సన్ 1787లో బోర్డోకు వచ్చి, అచ్చటి తోటలలో అగ్రశ్రేణివని నాలుగింటి పేర్లు వ్రాసికొనెను. అందు లాటూర్ ఒకటి. 68 సంవత్సరముల తరువాత, 1855లో పారిస్ నగరమున జరిగిన ప్రదర్శనకై బోర్డో దళారులు ధరలను బట్టి తోటలను ఐదు తరగతులుగా విభజించిరి. మొదటి తరగతిలో నిలిచినవి మరల ఆ నాలుగే. ఆ పట్టికలో అగ్రస్థానమునకు తరువాత ఎక్కినది ఒక్కటే, అది 1973లో మూటోన్ రోత్‌షీల్డ్. ఇంతకాలము మారని పేరు నాలుకకు సాయమా, అడ్డంకియా అన్నది ముందు చూతము.

పీపాలోని బాల్యము

సెప్టెంబరు చివరనో, అక్టోబరులోనో పండ్లు కోయుదురు. పండును నలిపి, తొక్క, గింజ, రసము కలిపి పెద్ద తొట్లలో నింపుదురు. ఈస్టు అను సూక్ష్మజీవి పండులోని చక్కెరను తిని మద్యసారముగా మార్చును. పులియుట కొద్దిదినములలో ముగియును గాని, తొక్కలను వెంటనే తీసివేయరు. సుమారు మూడు వారములు అవి రసములోనే నానును. ఆ నానుటలోనే రంగు దిగును; దానితోపాటు వగరును దిగును. ఈ వగరు పదార్థములను టానిన్లు అందురు.

ఈ మాట పుట్టినది తోళ్ళ పరిశ్రమలో. మన చర్మకారులు తంగేడు పట్టతో తోళ్ళను పదును చేయుట పలువురెరిగినదే. ఆ పట్టలోనిదియు టానినే. అది తోలులోని మాంసకృత్తులను పట్టుకొని బిగించును. అందుచేత తోలు కుళ్ళదు. జామపిందె కొరికినపుడు మన నోటిలో జరుగునదియు ఇట్టిదే. లాలాజలములోని మాంసకృత్తులను టానిన్ పట్టుకొనును. నోటిలోని జిగట పోవును. నాలుక గరుకెక్కును, చిగుళ్ళు బిగిసినట్లుండును. అందువలన నేటి శాస్త్రజ్ఞులు వగరు రుచి కన్న స్పర్శకు దగ్గరిదని చెప్పుదురు. మన పూర్వులు దానిని కషాయమని రుచులలోనే లెక్కించిరి. ఎట్లు లెక్కించినను, దానికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి ఆరవ పీట వేసిన జాతికి టానిన్ సంగతి బోధపరచుట సులభము.

పులిసిన రసమును ఓకు చెక్కతో చేసిన పీపాలలో నింపుదురు. బోర్డో పీపా 225 లీటర్లు పట్టును. అనగా 300 సీసాలు. లాటూర్ వంటి తోటలలో రసము ఏడాదిన్నర కాలము ఇందు గడుపును. చెక్క రంధ్రముల గుండ గాలి అతిస్వల్పముగా లోపలికి ప్రవేశించును. రసము కొంత ఆవిరియై పోవును గనుక లోటును మరల మరల నింపుచుండవలెను. సుమారు మూడు నెలలకొకమారు పైతేటను వేరొక పీపాలోనికి వంచుదురు. అపుడు పనివాడు ధార వద్ద దీపము పట్టుకొని, మడ్డి తొంగిచూచిన క్షణముననే ఆపివేయును.

తుదకు రసమును తేర్చుటకు ఒక్కొక్క పీపాకు ఐదో ఆరో కోడిగ్రుడ్ల తెల్లసొన వేయుట అచ్చటి ప్రాచీన పద్ధతి. తెల్లసొన మాంసకృత్తు. అది కరకుగా ఉన్న టానిన్లను తన వెంట తీసికొని అడుగునకు దిగిపోవును. తోలులో, నోటిలో, పీపాలో జరుగునది ఒకే సూత్రమని విద్యార్థులు గమనింతురు గాక. మిగిలిన పచ్చసొనలతో పుట్టినదే కానెలే అను బోర్డో మిఠాయి యని అచ్చట చెప్పుకొందురు.

చీకటిలో నిరీక్షణ

సీసాలోనికి ఎక్కిన క్రొత్త ఆసవము ముదురు ఊదారంగున ఉండును. నోట పోసికొన్న వగరు కత్తివలె తగులును. దీని విలువ తెలియనివాడు దోషమని త్రోసిపుచ్చును. తెలిసినవాడు ఆ వగరు వెనుక పండు రుచి తగినంత ఉన్నదా, పులుపు నిలకడగా ఉన్నదా యని వెదకును. ఆ రెండును ఉన్నచో వగరు దానికి వెన్నెముక యగును. లేనిచో ఎన్నియేండ్లు దాచినను పండు రుచి ముందే వాడిపోయి వగరొక్కటే మిగులును.

పాతబడుటను మేలుగా ఎంచుట మనకు వింత కాదు. పాతబియ్యపు అన్నము పొడిపొడిగా వచ్చునని ఇల్లాండ్రెరుగుదురు. అరిష్టములు, ఆసవములు ప్రాతవైనకొలది గుణవంతములగునని ఆయుర్వేద వైద్యులు చెప్పుదురు. అయినను అన్ని వస్తువులును పాతబడి బాగుపడవు. లోకమున తయారగు వైనులో చాలభాగము కొద్ది సంవత్సరములలో వాడుకొనుటకే ఉద్దేశింపబడినది. దానిని దాచిన చెడిపోవును. కాలము గుణమును పుట్టింపదు. ఉన్న గుణమును పండించును.

ఈ పండుటకు కారణమేమని మొదట శాస్త్రీయముగా వెదకినవాడు లూయీ పాస్చర్. మూడవ నెపోలియన్ చక్రవర్తి కోరికపై ఆయన 1863లో వైనునకు వచ్చు రోగములను పరిశోధింప నారంభించి, 1866లో తన గ్రంథమును ప్రకటించెను. నేడు పాలను కాపాడుచున్న పాస్చరీకరణ పద్ధతి ఈ పరిశోధన నుండి పుట్టినదే. ఆయన ఎర్రని ఆసవమును గాజుగొట్టములలో పోసి మూతులు మూసెను. కొన్నింటిని అంచువరకు నింపెను; కొన్నింటిలో గాలికి చోటుంచెను. నిండుగొట్టములలోని రసము మారలేదు. గాలి తగిలినది మాత్రము త్వరలోనే రంగు వెలిసి, మడ్డి దిగి, ముసలిదానివలె కనబడెను. ఆసవమును పండించునది ప్రాణవాయువే, మితిమీరిన చెరుపునదియు ప్రాణవాయువే యని ఆయన గ్రహించెను.

తరువాతి శాస్త్రము దీనికి మరికొన్ని వివరములు చేర్చినది. టానిన్ అణువులు తమలో తాము కూడుకొనును. ఆంథోసయనిన్లు అను రంగుపదార్థములతోను ముడిపడును. మిక్కిలి పెద్దవైనవి కరిగి ఉండలేక సీసా గోడకును అడుగునకును మడ్డిగా చేరును. అందుచేతనే ఊదారంగు కెంపుగాను, కెంపు ఇటుకరంగుగాను మారును. వగరు మెత్తబడి పట్టుబట్టవలె తగులును. ఈ మార్పు తిన్నగా జరుగదు. సీసాకెక్కిన కొన్నియేండ్లకు రసము మూగపోయినదని, వాసనయు రుచియు లోపలికి ముడుచుకొన్నవని రుచిజ్ఞులు చెప్పుదురు. ఆ దశ దాటి మరల విచ్చుకొనువరకు వేచియుండుటయే దాచుటలో కష్టమైన పని.

దాచుటకు కావలసినవి నాలుగు: చీకటి, చల్లదనము, తగినంత తేమ, కదలిక లేకుండుట. నేలమాళిగ వేడిమి ఏడాది పొడవునను 12, 13 డిగ్రీల వద్ద నిలకడగా ఉండవలెను. సీసాను పడుకోబెట్టవలెను. అప్పుడు రసము తగులుచు బిరడా తడిగా ఉబ్బి ఉండును. ఎండిన బిరడా కుదించుకొని గాలిని లోపలికి వదలును. ఈ నియమము ఎంతటిదో ఒక కథ చెప్పును. జెఫర్సన్‌దని చెప్పబడిన 1787 నాటి లఫీట్ సీసా 1985 డిసెంబరులో లండన్ వేలమున 1,05,000 పౌన్లకు అమ్ముడుపోయినది. న్యూయార్కు నగరమున దానిని దీపముల వెలుతురులో ప్రదర్శనకు పెట్టిరి. వేడికి బిరడా ఎండి సీసాలోనికే జారిపోయినది. ఆ సీసా నిజముగా జెఫర్సన్‌దేనా యను సందేహములు తరువాత బలపడినవి. అంత ధర పలికిన వస్తువును కాపాడుటకు చీకటిగది యొక్కటి చాలియుండెడిది!

సరియైన పుట్టుకయు సరియైన కాపును కుదిరినచో ఫలితమెట్లుండునో 1961 నాటి లాటూర్ చెప్పుచున్నది. ఆ వసంతమున మంచు కొట్టినది, పూత సరిగా నిలువలేదు, కాపు తగ్గినది. తీగెపై మిగిలిన కొద్ది పండ్లకు వేసవి ఎండలు బలము నిచ్చినవి. ఆ ఏటి ఆసవము శతాబ్దపు మేటి పంటలలో ఒకటిగా ఎన్నికైనది. దశాబ్దములు గడచిన పిమ్మట రుచి చూచినవారును అది జవసత్త్వములతో ఉన్నదనియే వ్రాసిరి.

కాని ఓపిక పట్టువారు తక్కువ. బోర్డోలో ఆసవము ఇంకను పీపాలో ఉండగానే వ్యాపారులకు అమ్ముకొను ఆచారమున్నది. కొన్నవారు తొందరపడి పసిదానినే తెరచుట, సరిగా దాచక చెరచుట సామాన్యమైనది. 2012లో లాటూర్ తోటవారు ఈ ఆచారమునుండి తప్పుకొనిరి. తమ మాళిగలలోనే దాచి, పక్వమైనదని తమకు తోచినపుడే విడుదల చేయుదుమని ప్రకటించిరి. చేతికి రానున్న ధనమును ఏండ్ల తరబడి చీకటిగదిలో కట్టిపెట్టుట వ్యాపారమున తేలిక పని కాదు.

వడ్డన మర్యాద

పాతసీసాను తెరచుటకు ఒకటి రెండు దినముల ముందే నిలువుగా పెట్టుదురు. మడ్డి అడుగునకు చేరవలెను. తెరచిన పిమ్మట సీసా మెడ వెనుక కొవ్వొత్తి వెలిగించి, రసమును గాజుకూజాలోనికి సన్నని ధారగా వంచుదురు. మడ్డి పొగవలె మెడలోనికి రాగానే ఆపివేయుదురు. పీపా వద్ద దీపము పట్టిన పనివాని మెలకువయే ఇచ్చట మరల కనబడును. అడుగున మిగిలిన రసము కొరకు ఆశపడినవాడు కూజా అంతయు కలతపరచుకొనును.

కూజాలో పోసిన తరువాత ఎంతసేపు గాలి తగులనీయవలెనన్న విషయమున పెద్దలలో భేదాభిప్రాయములున్నవి. లేత ఆసవమునకు గంటో రెండు గంటలో గాలి మేలు చేయునని పలువురందురు. బోర్డో విశ్వవిద్యాలయమున బోధించిన ఎమీల్ పెనో (1912–2004) ఇందుకు ఒప్పుకొనలేదు. మడ్డి ఉన్నప్పుడే కూజాకెత్తవలెననియు, అదియు వడ్డించుటకు కొంచెము ముందే చేయవలెననియు ఆయన మతము. ముప్పదియేండ్లలో కూర్చుకొన్న సుగంధము గాలికి కొద్దిసేపటిలో ఎగిరిపోవచ్చునన్నది ఆ వాదములోని సారము. పాతదాని విషయమున ఆయన మాటకే బలమెక్కువ.

ఎర్రవైనును గదివేడిమిలో వడ్డించవలెనను మాట ఫ్రాన్సులో పుట్టినది. అది కుంపటి తప్ప వేరు వెచ్చదనము లేని పూర్వపు చలిదేశపు గది. 16 నుండి 18 డిగ్రీలు. ఆ మాటనే పట్టుకొని బెజవాడ వేసవిలో ఆచరించినవానికి మద్యసారపు ఘాటు తప్ప వేరేమియు తెలియదు. ఎచ్చటి సూత్రమునైనను అది పుట్టిన గదితో సహా అర్థము చేసికొనవలెను.

గ్లాసును మూడవవంతు మాత్రమే నింపుదురు. మిగిలిన చోటు సువాసనకు. దానిని కాడ వద్ద పట్టుకొనవలెను. చేతివేడి రసమునకు తగులరాదు. పోయాక్ ప్రాంతమున దీనికి తోడుగా పాలుత్రాగు గొర్రెపిల్ల మాంసమును వడ్డింతురు. ఇది వట్టి ఆచారము కాదు. మాంసపు మాంసకృత్తులు, కొవ్వు వగరు కరకుదనమును తగ్గించును. వగరు నోటిలోని కొవ్వు మందమును కడుగును. మనవారు కమ్మని భోజనానంతరము వక్క నమలుటలోని హాయికి ఇది దూరపు చుట్టము.

కన్ను, ముక్కు, నాలుక

రుచి చూచు విద్యలో మొదటి పని కంటిది. గ్లాసును తెల్లని గుడ్డపై వంచి రసపు అంచును చూచుదురు. అంచు ఊదాగా ఉన్న పసిది, ఇటుకరంగుగా ఉన్న ముదిసినది.

రెండవది ముక్కు. గ్లాసును కదపక ఒకమారు, గుండ్రముగా త్రిప్పి ఒకమారు వాసన చూడవలెను. లేతదాని పండువాసనను అరోమ అనియు, కాలము వలన కూడిన వాసనల కలయికను బుకే అనియు ఫ్రెంచివారు వేరుపరచి చెప్పుదురు. పోయాక్ ఆసవమున మొదట కాసిస్ అను నల్లని చిన్నపండు వాసన ఉండును. ఆ పండు మనకు లేదు. పాతబడిన పిమ్మట వచ్చు వాసన మాత్రము మన బడిపిల్లలందరికిని పరిచితమే. అది అప్పుడే చెక్కిన పెన్సిలు పొట్టు వాసన! దేవదారు చెక్క వాసనయనియు, పెన్సిలు వాసనయనియు రుచిజ్ఞులు దానిని వర్ణింతురు. ప్రపంచ ప్రసిద్ధమైన తోట పరిమళమునకు పోలిక మన పలక పెట్టెలో దొరకుట వినోదకరము.

మూడవది నోరు. గ్రుక్కెడు పుచ్చుకొని, పుక్కిలించి, పెదవుల సందున కొంచెము గాలిని లోనికి పీల్చుదురు. అప్పుడు సువాసన గొంతు వెనుకనుండి ముక్కునకెక్కును. రుచియని మనమనుకొనునదానిలో చాలభాగము ఇట్లెక్కిన వాసనయే. జలుబు చేసిననాడు కూర చప్పబడుటకు ఇదియే కారణము. పులుపు ఎచ్చట తగిలినది, వగరు ఎప్పుడు మొదలైనది, అది గరుకా నునుపా యని ఒక్కొక్కటిగా గుర్తించవలెను. తుదకు ఉమ్మివేసి లెక్కపెట్టవలెను. పరిమళము నోట నిలిచిన ఒక్కొక్క క్షణమును ఫ్రెంచివారు ఒక కోడలీ అందురు; తోక యను లాటిన్ పదము దీనికి మూలము. తోక ఎంత పొడవైన ఆసవము అంత ఘనము.

పేరు గొప్పయా, రుచి గొప్పయా?

ఇంత విద్య నేర్చిన నాలుక నమ్మదగినదేనా? ఈ ప్రశ్నను ఎవరో పరాయివారు కాదు, బోర్డోవారే వేసికొనిరి. 2001లో మోరో, బ్రోషే, డ్యూబూర్డ్యూ అను పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. బోర్డో విశ్వవిద్యాలయమున వైను శాస్త్రము చదువు 54 మంది విద్యార్థులకు ఒక తెల్లవైనును, ఒక ఎర్రవైనును ఇచ్చి వాసనలు వర్ణింపుడనిరి. మరొకమారు అదే తెల్లవైనును, వాసనలేని ఎర్రరంగు కలిపిన అదే తెల్లవైనును ఇచ్చిరి. రంగు కలిపినదానిని విద్యార్థులు ఎర్రవైనునకు వాడు మాటలతోనే వర్ణించిరి. వారు అబద్ధమాడలేదు. కన్ను ముందే తీర్పు చెప్పినది. ముక్కు సంతకము చేసినది.

రంగే ఇంతపని చేసిన, పేరెంత పని చేయదు? 1976 మే 24వ తేదీన పారిస్ నగరమున దీనికి పరీక్ష జరిగినది. స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ వర్తకుడు తొమ్మండుగురు ఫ్రెంచి న్యాయనిర్ణేతల ముందు, పేర్లు కనబడకుండ, నాలుగు బోర్డో ఆసవములను, ఆరు కాలిఫోర్నియా ఆసవములను ఉంచెను. మొదటి స్థానము కాలిఫోర్నియాకు చెందిన 1973 నాటి స్టాగ్స్ లీప్‌నకు వచ్చెను. అగ్రశ్రేణి మూటోన్ రోత్‌షీల్డ్ రెండవదయ్యెను. ఫ్రెంచివారి పక్షమున ఒక సమాధానము వినవచ్చెను: మావి నిదానముగా పండును, కాలము గడచిన తరువాత చూడుడు అని. వాదము సమంజసమైనదే. కాలము గడచినది. 1986లో చూచిరి, కాలిఫోర్నియాదే మొదటయ్యెను. 30 ఏండ్లు నిండిన 2006లో లండన్‌లోను, కాలిఫోర్నియాలోను ఒకేమారు చూచిరి. మొదటి ఐదు స్థానములును కాలిఫోర్నియావే.

దీనివలన బోర్డో ఘనత పోలేదు. పోవలసిన పనియు లేదు. తేలినదేమనగా, 1855 నాటి పట్టిక నాటి ధరలకు సాక్ష్యమే గాని నేటి నాలుకకు ఆజ్ఞ కాదు. పేరు చూచి రుచి చెప్పువాడు పేరునే రుచి చూచుచున్నాడు. అందుచేతనే ఈ విద్యలో పెద్దలు సీసాకు గుడ్డ చుట్టి పరీక్షింతురు. తమ నాలుకకు గర్వమే గాక భయము కూడ నేర్పుదురు. మన పరీక్షలలో సమాధాన పత్రముపై పేరు దాచి సంఖ్య వేయుటలోని న్యాయమిదియే.

చివరి మాట

ఆసవమును ఇంతగా గౌరవించిన ఫ్రాన్సే దాని కీడును గుర్తించుటలో తడవు చేసినది. ఒకప్పుడు అచ్చటి బడిపిల్లలు భోజనమున నీరు కలిపిన వైను త్రాగుట సామాన్యముగా ఉండెడిది. 1956లో గాని 14 ఏండ్లలోపు పిల్లలకు బడి భోజనశాలలలో దానిని నిషేధింపలేదు. పైతరగతులవారికి 1981లో నిషేధించిరి. మద్యసారము ఏ కొంచెమైనను ఆరోగ్యమునకు నిరపాయమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో స్పష్టపరచినది. ఆసవము చుట్టును అల్లుకొన్న విద్య ఎంత సొగసైనదైనను ఈ సత్యమును కప్పిపుచ్చజాలదు. ఆ విద్యనుండి మనము గ్రహింపదగినది సీసాతో నిమిత్తము లేకయే గ్రహింపవచ్చును.

జామపిందె చాలును, ఉసిరికాయ చాలును, చిక్కగా కాచిన తేనీరు చాలును. ఏదైన ఒకదానిని నోట వేసికొని, వగరు ఎప్పుడు మొదలైనది, ఎచ్చట పట్టినది, ఎప్పుడు విడిచినది యని కన్నులు మూసికొని గమనించి, తనకు తెలిసిన మాటలలో వ్రాయుమని ఒక తరగతికి చెప్పి చూడవచ్చును. నలుబది మంది పిల్లలు నలుబది విధములుగా వ్రాయుదురు. ప్రక్కవాని పుస్తకము చూడక వ్రాసిన ప్రతి మాటయు, తప్పైనను, ఆ పిల్లవాని సొంతము. పరిశీలన అట్లే మొదలగును.

పసితనపు కరకుదనము కొన్నింట దోషము. కొన్నింట రానున్న బలమునకు గుర్తు. ఏది యేదో తెలిసికొనుటకు తొందరపాటు పనికిరాదు, పేరుప్రతిష్ఠలు పనికిరావు. మెలకువగల నాలుకయు, నిండైన ఓపికయు కావలెను. లాటూర్ మాళిగలలో నేడును కొన్నియేండ్ల పంట చీకటిలో పడుకొని ఉన్నది. దాని వగరు ఇంకను పండవలసియున్నది.